ర్యాలీ కారులో పక్క సీటు: నాకే ఇలా అయిందా, అందరికీ ఇంతేనా?

చెలకదారి
మొన్న ఆదివారం జరిగిన సంగతి చెబుతాను, తప్పు ఎవరిదో మీరే తేల్చండి.

నా బావమరిది బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. జీతంలో సగం ఇంటద్దెకు, మిగతా సగం ఒక పాత పోలో కారుకు. వెనక సీట్లు పీకేసి, లోపల ఉక్కు గొట్టాలతో పంజరం కట్టించి దాన్ని కార్ల పోటీలకు వాడే ర్యాలీ కారు చేశాడు. ఈసారి సెలవుకు వస్తూ దాన్ని లారీ మీద వేసుకుని నర్సంపేట దగ్గర మా అత్తగారి ఊరికి తెచ్చాడు. పంట వేయని ఎర్ర చెలకలో ట్రాక్టరుతో బాట గీయించి, "రా బావా, ఒక్క చుట్టు" అన్నాడు. పన్నెండేళ్ళుగా హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు కారు నడుపుతున్నవాణ్ని, నాకేమి భయం అని ఎక్కాను.

ఆ సీటు సీటు కాదు, తొట్టి. అందులోకి దిగితే బోనెట్ కూడా కనబడదు. ఆరు పట్టీల బెల్టు బిగిస్తూ "ఊపిరి వదులు బావా" అన్నాడు. వదిలాను. ఆ సందులో ఇంకో అంగుళం లాగాడు. మొదటి మలుపు దాకా బాగానే ఉంది. మలుపు ఇంకా ముందుండగానే కారు ముక్కును కుడికి తిప్పేశాడు. మేము పోతున్న దారి నాకు ముందు అద్దంలో కాదు, నా పక్క కిటికీలో కనిపించింది! అక్కడి నుంచి నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. "ఆపు, ఆపు" అని అరిచాను. హెల్మెట్‌లో మైకు ఉంటుంది కాబట్టి నా అరుపు తిన్నగా అతని చెవుల్లో పడిందట, రెండో చుట్టులో నా వైరు పీకేశాడు. మొత్తం నాలుగు చుట్లు. దిగాక రెండు గంటలు మామిడిచెట్టు కింద పడుకున్నాను. వాంతి సంగతి వివరించను. అత్తగారు వండిన నాటుకోడి ముట్టలేదు, అది ఇప్పుడు ఇంటి సమస్య అయింది.

ప్రశ్న ఏమిటంటే, ఇది అందరికీ అవుతుందా? వచ్చే నెల ములుగు వైపు ఏదో సమయం లెక్కల ర్యాలీ ఉందట, అందులో పక్కన కూర్చుని దారి చెప్పే నావిగేటరుగా రమ్మంటున్నాడు. వెళ్ళాలా, ఊరు వదిలి పారిపోవాలా?

ఎనుమాముల_మిర్చి
అసలు విషయం దాచారు. ఆ కోడి ఎవరు తిన్నారు?

చెలకదారి
బావమరిదే. రెండుసార్లు వడ్డించుకున్నాడు.

పాత_అంబాసిడర్
కారు నడిపేవాడికి స్టీరింగు ఉంది, కప్పు వస్తే ఫొటో ఉంది. పక్కవాడికి ఏముంది? ఈ పక్క సీటు వ్యవహారం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1984లో, వానాకాలం ములుగు నుంచి ఏటూరునాగారం దాకా శాఖ జీపులో తిరిగాను. మా డ్రైవరు వాగులో నీళ్ళు ఎంత లోతో చూడటానికి దిగేవాడు కాదు, జీపునే దించేవాడు. నేను కళ్ళు మూసుకుని ఫైళ్ళు గుండెకు పట్టుకునేవాణ్ని. అదీ ర్యాలీయే. కప్పు ఇవ్వలేదు, టీఏ ఇచ్చారు.

చెవి_ముక్కు_గొంతు
ముందు ఒక మాట: పొద్దున ఏమి తిన్నారు?

చెలకదారి
పూరీలు. ఆరు. ఆలుగడ్డ కూరతో.

చెవి_ముక్కు_గొంతు
ఇక కారును నిందించకండి.

వాంతి భయం వల్ల రాదు. లోపలి చెవిలో మూడు అర్ధవలయ నాళాలు ఉంటాయి, తల ఎటు తిరుగుతోందో మెదడుకు చెప్పేవి అవే. మీ చెవి "కుడికి విసిరేశారు" అంటుంది, కళ్ళు డాష్‌బోర్డు చూస్తూ "ఏమీ కదలడం లేదే" అంటాయి. ఈ రెండు సాక్ష్యాలకూ పొసగనప్పుడు కడుపు మధ్యవర్తిత్వానికి వస్తుంది. నడిపేవాడికి ఇది తక్కువ, ఎందుకంటే ఏ క్షణంలో ఎటు తిప్పబోతున్నాడో వాడికి ముందే తెలుసు, ఒళ్ళు ముందే సిద్ధపడుతుంది.

రెండు గంటల ముందు తేలికగా తినండి, ఖాళీ కడుపుతోనూ ఎక్కవద్దు. చూపు దూరంగా, దారి మీద ఉంచండి. మాత్ర వేసుకుంటే ప్రయాణానికి అరగంట, గంట ముందు వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే అది కూడా బయటికే వస్తుంది. వాటిలో చాలావరకు మత్తు తెస్తాయి కాబట్టి మీ వైద్యుణ్ని అడగకుండా వద్దు.

కాజీపేట_లోకో
డాక్టరు గారి మాట సరే. కానీ నా లెక్క వేరు. ఆయనకు భయం వేసింది పని లేకనే.

నేను రైలింజన్‌లో అసిస్టెంటుగా చాలా ఏళ్ళు పక్క సీటులో కూర్చున్నాను. సిగ్నల్ కనబడగానే దాని రంగు పైకి చెప్పాలి, లోకో పైలట్ అదే తిరిగి చెప్పాలి. నియమం అది, అర్ధరాత్రి అయినా, వెయ్యోసారి వెళ్తున్న దారి అయినా సరే. అలా చెబుతున్నంతసేపు భయం లేదు. అదే సెలవులో ఇంటికి వెళ్తూ బోగీలో కూర్చుంటే ప్రతి కుదుపుకూ గుండె జారుతుంది. నోటికి పని చెప్పండి, కాలు దానంతట అదే బ్రేకు తొక్కడం మానేస్తుంది.

మహబూబ్‌ఘాట్
ఇంత హంగామా ఎందుకో. మా నిర్మల్ వైపు రండి. తెల్లవారుజామున ఘాట్ మీద నా స్నేహితుడి కారులో కూర్చుంటే చాలు, మీరు చెప్పే ర్యాలీ అదే. వాడూ పంజరం వేయించాడు. హెల్మెట్లు, ఆరు పట్టీలు ఇవన్నీ మాకు లేవు. నాకు ఏనాడూ వాంతి రాలేదు.

ఎడమసీటు
మహబూబ్‌ఘాట్ గారూ, వాంతి రాకపోవడం అర్హత కాదు. పంజరం ఉండి హెల్మెట్ లేకపోవడం అసలు పంజరమే లేకపోవడం కన్నా ప్రమాదం. ఆ ఉక్కు గొట్టం మీ కణతకు జానెడు దూరంలో ఉంటుంది. కారు చిన్నగా తగిలినా తల ఊగి దానికే కొట్టుకుంటుంది. మీ స్నేహితుడికి ఈరోజే చెప్పండి.

ఇంకొకటి, ఘాట్ మీద ఎదురుగా వచ్చే పత్తి లారీ డ్రైవరుకు మీరు ర్యాలీలో ఉన్నారని తెలియదు. మోటారు వాహనాల చట్టంలో 189వ సెక్షన్ ఉంది. ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వేగపు పోటీ పెడితే 2019 సవరణ తర్వాత మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే ఏడాది దాకా, 10,000 దాకా. ర్యాలీలో వేగంగా నడిపే దారిని స్టేజ్ అంటారు, దాన్ని ముందే మూసేస్తారు. ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కు వెళ్ళే మామూలు రోడ్డు మీద ర్యాలీ కారు కూడా ఎర్రలైటు దగ్గర ఆగాల్సిందే.

మహబూబ్‌ఘాట్
మేము పోటీ ఏమీ పెట్టుకోము. ఒక్కటే కారు.

పాత_అంబాసిడర్
లోయకు ఒక్క కారు చాలు నాయనా.

చెలకదారి
ఎడమసీటు గారూ, మీ పేరు చూస్తే మీరు ఆ సీటులోనే కూర్చునేవారిలా ఉన్నారు. కాస్త వివరంగా చెప్పండి. ఆ సీటులో కూర్చునేవాడు నిజంగా చేసేది ఏమిటి?

ఎడమసీటు
మాది కరీంనగర్. ఎఫ్ఎంఎస్సీఐ (దేశంలో మోటారు పోటీలను చూసే సంఘం) లైసెన్సు తీసుకుని ఆరేళ్ళు బెంగళూరు, కోయంబత్తూరు వైపు నావిగేటరుగా తిరిగాను. ఇప్పుడు మెడ నొప్పి, మానేశాను.

ముందుగా, పోటీ జరుగుతున్న స్టేజ్‌లో ప్రయాణికుడు అంటూ ఎవరూ ఉండరు. ఉండేది ఇద్దరే, ఇద్దరూ పోటీదారులే. మీలాగా ఊరికే కూర్చోవడం కారును పరీక్షగా నడిపి చూసేటప్పుడే కుదురుతుంది. నావిగేటరు పని ర్యాలీకి ముందే మొదలవుతుంది. రెక్కీలో, అంటే దారిని ముందే చూసుకునేటప్పుడు, అదే దారిలో సాధారణంగా రెండుసార్లు నెమ్మదిగా వెళ్ళనిస్తారు. డ్రైవరు ప్రతి మలుపునూ చూసి చెబుతాడు, మనం రాసుకుంటాం. ఎక్కువమంది వాడే లెక్కలో ఒకటి అంటే బాగా మెలికపడ్డ మలుపు, ఆరు అంటే దాదాపు తిన్నటి దారి. దాని పక్కన బిగుసుకుంటుందా, విచ్చుకుంటుందా, గట్టు మీద ఉందా, లోపలి అంచున రాయి ఉందా, అన్నీ. తర్వాతి మలుపు దాకా ఎన్ని మీటర్లో కూడా. వీటినే పేస్ నోట్స్ అంటారు.

స్టేజ్‌లో మనం దారి చూడం. పుస్తకమే చూస్తాం. ఎక్కడున్నామో నడుముతో తెలుసుకుంటాం: ఎడమ తుంటి మీద బరువు పడింది అంటే కుడి మలుపులో ఉన్నాం, కడుపు తేలింది అంటే గట్టు దాటాం. వేలు వరుస మీద ఉంటుంది, నోరు ఒక మలుపు ముందుంటుంది. మరీ ముందు చెబితే డ్రైవరు మరిచిపోతాడు, ఆలస్యంగా చెబితే ఇక చెప్పనక్కర్లేదు.

నా పెన్సిళ్ళు రెండూ దారంతో పుస్తకానికి కట్టి ఉండేవి. పేజీల మూలలు ముందురోజు రాత్రి ఒక్కొక్కటిగా కొంచెం మడిచేవాణ్ని, చేతి తొడుగులతో తిప్పడానికి. ఒకసారి చెమటకు రెండు పేజీలు కలిసి తిరిగాయి. నేను "కుడి ఐదు" అన్నాను, కారు ఎడమకు వెళ్ళింది. ఆ క్షణంలో తోచిన అంకె చెప్పి పరువు కాపాడుకోవచ్చు. నేను "పోయింది" అన్నాను. ఆ ఒక్క మాటకు డ్రైవరు వేగం తగ్గించి కంటితో నడిపాడు. మూడు మలుపుల తర్వాత ఒక కల్వర్టు వచ్చింది, దాన్ని పట్టుకుని మళ్ళీ దారిలో పడ్డాను. పద్నాలుగు సెకన్లు పోయాయి. చివర్లో డ్రైవరు నాకు టీ ఇప్పించాడు, ఒక్క మాట అనలేదు.

కాజీపేట_లోకో
"పోయింది" అనగలగడం. మా దగ్గరా అంతే. సిగ్నల్ అనుమానంగా ఉంటే ప్రమాదం అనే అనుకోవాలి, ఊహించకూడదు.

చెవి_ముక్కు_గొంతు
ఒక్క అభ్యంతరం. లోకో గారు పని పెట్టుకుంటే భయం పోతుందన్నారు, సరే. కానీ ఆ పని పుస్తకం చదవడం. కదిలే కారులో తల వంచి చదవడం కన్నా వేగంగా కడుపు తిప్పే ఉపాయం నాకు తెలియదు. భయానికి మందు వాంతికి విషం.

ఎడమసీటు
నిజమే. మొదటి ఏడాది నాకూ అయింది. సంచి ఎప్పుడూ తలుపు జేబులో ఉండేది. అలవాటు చేసుకోవాలి. నేను కరీంనగర్ నుంచి వరంగల్ వచ్చే బస్సులో, చివరి వరుసలో కూర్చుని రోజూ పేపరు చదివేవాణ్ని. మొదటి వారం హుజూరాబాద్ కూడా దాటలేదు. నెల తిరిగేసరికి చిన్న ప్రకటనలు కూడా చదివాను.

చెలకదారి గారు సిగ్గుపడాల్సిన పని లేదు. 1955లో ఇటలీలో మిల్లె మిల్యా అనే పోటీ, సుమారు 1,600 కిలోమీటర్లు మామూలు రోడ్ల మీద. స్టిర్లింగ్ మాస్ నడిపాడు, పక్కన డెనిస్ జెంకిన్సన్ అనే పాత్రికేయుడు. దారి వివరాలన్నీ ఒక పొడవాటి కాగితపు చుట్ట మీద రాసుకుని, పెట్టెలో తిప్పుతూ, చేతి సైగలతో చెప్పాడు. 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో గెలిచారు. పేస్ నోట్స్ గొప్పదనం అందరికీ తెలిసింది అప్పుడే. ఆ జెంకిన్సన్ దారిలో కారు పక్కకు వంగి వాంతి చేసుకుంటే కళ్ళద్దాలు గాలికి ఎగిరిపోయాయి. ఇంకో జత జేబులో ఉంది కాబట్టి సరిపోయింది.

చెలకదారి
ఈ పోస్టు ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. మా ఆవిడ చదివింది. "ఆయన గెలిచాడు కదా" అంది.

పాకాల_పిట్ట
నేనూ ఆ సీటులో కూర్చున్నదాన్నే, మా ఆయన నడిపితే. పెద్ద ర్యాలీలు కాదు, వేగంతో కాకుండా సమయంతో పని ఉండేవి, మీరు అడిగిన రకమే. ఒక సంగతి గమనించాను. చివర్లో అందరూ నన్ను "భయం వేయలేదా అమ్మా" అని అడుగుతారు, ఆయన్ని "ఎంత వేగం వచ్చింది" అని అడుగుతారు. దారి మొత్తం చెప్పింది నేను!

1981లో సాన్‌రెమో ర్యాలీ గెలిచిన ఆడీ క్వాట్రోలో ఇద్దరూ ఆడవాళ్ళే, మిషెల్ మూటన్ నడిపింది, ఫాబ్రిజియా పోన్స్ పక్కన కూర్చుంది. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ పోటీని ఒక మహిళ గెలవడం అదే మొదలు. మూటన్ పేరు కొందరికైనా తెలుసు, పోన్స్ పేరు ఈ చర్చలో ఎంతమందికి తెలుసో చేతులెత్తండి.

పాత_అంబాసిడర్ గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు అదే. పక్కవాడికి ఏమీ ఉండదు. అయినా కూర్చుంటారు.

ఎనుమాముల_మిర్చి
నేను చేయి ఎత్తలేదు. సిగ్గుపడ్డాను.

పాత_అంబాసిడర్
అమ్మా, నేను వద్దన్నది ఆడవాళ్ళని కాదు, ఆ సీటునే. 2005లో బ్రిటన్ ర్యాలీలో కారు జారి చెట్టుకు తగిలింది. తగిలింది పక్క సీటు వైపు. మైకేల్ పార్క్ చనిపోయాడు, నడిపిన మార్కో మార్టిన్‌కు ఏమీ కాలేదు. తప్పు ఎవరిదని నేను అనడం లేదు. ఒకరి చేతిలో చక్రం, ఇంకొకరి ప్రాణం. ఇది మీరు ఎన్ని చెప్పినా నాకు మింగుడు పడదు.

ఎడమసీటు
పెద్దాయన గారూ, దానికి నా దగ్గర జవాబు లేదు. నేను ఇద్దరు డ్రైవర్ల పక్కన కూర్చోనని చెప్పేశాను. ఇద్దరూ వేగంగా నడిపేవాళ్ళే. ఒకడు నోట్సు వినేవాడు కాదు. ఇంకొకడు విన్నట్టు నటించేవాడు, వాడు మరీ ప్రమాదం.

కాజీపేట_లోకో
విషయం మారుస్తాను. ఈ నోట్సు తెలుగులో చెప్పకూడదా?

ఎడమసీటు
ఎవరూ వద్దనరు. నేను ప్రయత్నించాను కూడా. "కుడి", "ఎడమ" అద్భుతంగా పనిచేస్తాయి. ఒకటి రెండక్షరాలు, ఒకటి మూడు, రాళ్ళ చప్పుడులో కూడా కలిసిపోవు. "గట్టు", "కోయకు" (అంటే మలుపు లోపలి అంచు మీదుగా వెళ్ళకు), "బిగుసు", "విచ్చు" కూడా చిన్న మాటలే. చిక్కు అంకెల దగ్గర వచ్చింది. మూడు, ఆరు. పళ్ళు గిటకరిస్తున్నప్పుడు రెంటికీ చివర "రు" అనే వినబడుతుంది. మూడు మలుపును ఆరు అనుకుని వెళ్తే ఎక్కడ తేలతామో చెప్పనక్కర్లేదు.

ఎనుమాముల_మిర్చి
అంకెలు ఎందుకు, మిర్చి పేర్లు పెట్టండి. బాగా మెలికపడ్డ మలుపు తేజ. మధ్యరకం వండర్ హాట్. తిన్నటి దారి చపాటా, రంగే తప్ప ఘాటు లేదు. "ఎడమ తేజ, గట్టు మీద, కోయకు!" మా వరంగల్ చపాటాకు 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది, ఎవరూ కాదనలేరు.

ఎడమసీటు
నవ్వుకున్నాను కానీ, ఇది పనిచేస్తుంది. ఏ రెండు పేర్లూ ఒకేలా వినబడవు.

పాకాల_పిట్ట
తిన్నగా కనిపించి చివర్లో బిగుసుకునే మలుపు ఉంటుంది చూడండి, దానికి "బజ్జీ" అని పెట్టాలి. బయట మెత్తగా ఉంటుంది.

అడ్డంగా_వెళ్ళేవాడు
బావా, నేనే. అక్క ఈ చర్చ లింకు పంపింది. నా వైపు కూడా వినండి.

ఫోనులో జీపీఎస్ రికార్డు ఉంది. ఆ నాలుగు చుట్లలో మనం అందుకున్న గరిష్ఠ వేగం 74. అదీ తిన్నటి దారిలో, రెండు సెకన్లు. నువ్వు ఇంట్లో అందరికీ 130 అని చెప్పావట. నువ్వు హైదరాబాద్ రోడ్డు మీద రోజూ 100 మీద వెళ్తావు. తేడా ఎక్కడంటే, నా కారులో కింద మ్యాటు, మెత్తలు, రబ్బరు ఏవీ లేవు, బరువు తగ్గించడానికి తీసేశాం. చిన్న గులకరాయి రేకుకు తగిలినా తుపాకీ పేలినట్టు ఉంటుంది. సీటు నేలకు ఆనుకుని ఉంటుంది కాబట్టి భూమి ముఖం మీదికి వస్తున్నట్టు అనిపిస్తుంది.

మలుపుకు ముందే ఎందుకు తిప్పానంటే, వదులు మట్టిలో ముందు చక్రాలు పట్టు ఇవ్వవు. మలుపులోకి వెళ్ళాక తిప్పితే కారు తిన్నగా వెళ్ళి మీ మామిడిచెట్టును పలకరిస్తుంది. ముందే ముక్కు తిప్పి, బ్రేకు తాకించి, వెనక భాగాన్ని జారనిస్తే కారు తనంతట తానే తిరుగుతుంది. నువ్వు పక్క కిటికీలో చూసిన దారి సరైన దారే.

కోడి సంగతి ఒప్పుకుంటున్నాను.

ఎనుమాముల_మిర్చి
ముద్దాయి స్వయంగా హాజరు!

ఎడమసీటు
తమ్ముడూ, కారు గురించి చెప్పినవన్నీ సరే. ఒక్క తప్పు చేశావు, అది చిన్నది కాదు. వైరు పీకావు. పక్కవాడికి ఉన్న ఒకే ఒక్క బ్రేకు ఆ వైరు. ఆయన "ఆపు" అన్నాడు. మొదటిసారి కూర్చున్నవాడు ఆపమంటే ఆపాలి, నీ చెవులు ఎంత నొప్పి పుట్టినా. ఆయనకు నిజంగా గుండెలో నొప్పి వచ్చి ఉంటే నీకు ఎలా తెలిసేది?

ముందుగా చేతి సైగ ఒకటి ఖాయం చేసుకోవాలి. పిడికిలి ఎత్తితే ఆపడం. చేతులు బయటికి, పంజరం మీదికి వెళ్ళకుండా తన బెల్టు పట్టీలనే పట్టుకోమనాలి. నడుము పట్టీ ముందు బిగించి, అది కడుపు మీద కాకుండా తుంటి ఎముకల మీద కూర్చుందని చూసి, ఆ తర్వాతే భుజాల పట్టీలు. మొదటి చుట్టు సగం వేగంతో. ఇవేవీ చేయకుండా బావను తొట్టిలో పడేసి తిప్పావు.

అడ్డంగా_వెళ్ళేవాడు
ఒప్పుకుంటున్నాను అన్నా. నవ్వులాటగా పీకాను. ఆలోచించలేదు. బావా, సారీ.

చెలకదారి
సరేలే. కానీ 74 అన్న మాట అక్కకు చెప్పకు.

అడ్డంగా_వెళ్ళేవాడు
లింకు పంపిందే అక్క.

మహబూబ్‌ఘాట్
నా స్నేహితుడికి చెప్పాను. రెండు హెల్మెట్లు కొన్నాడు. ఘాట్ సంగతి ఇంకా మాట్లాడుకుంటున్నాం. అంతకు మించి ఇప్పుడు ఏమీ అనను.

పాత_అంబాసిడర్
అదే చాలు.

చెలకదారి
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. వెళ్ళాను. మాత్ర వేసుకోలేదు, రెండు ఇడ్లీలు తిన్నాను.

తెలియనివారి కోసం: ఇందులో వేగంగా వెళ్ళినవాడు గెలవడు. చెప్పిన సగటు వేగంతో, చెప్పిన సెకనుకు, ఎక్కడ ఉందో తెలియని చెక్‌పోస్టు దాటాలి. దారి పుస్తకంలో గడులు ఉంటాయి, ప్రతి గడిలో దూరం కిలోమీటరులో వందో వంతు దాకా, ఒక చుక్క, ఒక బాణం. చుక్క దగ్గర మనం, బాణం వైపు వెళ్ళాలి. నెదర్లాండ్స్‌లో తులిప్ పేరుతో జరిగే ర్యాలీ నుంచి వచ్చింది కాబట్టి ఈ బొమ్మల్ని తులిప్ అంటారట. 36 వేగం ఇచ్చినంతసేపు నేను రాజును: కిలోమీటరుకు సరిగ్గా 100 సెకన్లు. మల్లంపల్లి దాటాక 42 చేశారు. కిలోమీటరుకు 85.7. కాలిక్యులేటరు ఒళ్ళో, పుస్తకం మోకాలి మీద, పెన్సిలు దారంతో కట్టి (ఎడమసీటు గారికి దండం).

పస్రా దాటాక గేదెల మంద. రెండు నిమిషాలు నిలబడ్డాం. బావమరిది హారన్ మీద చేయి వేస్తే నేను "వద్దు, లెక్క నేను సరిచేస్తాను" అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, ఆ మాట అన్నది నేనే అని. తర్వాత ఒక గడిలో "వేపచెట్టు దగ్గర ఎడమ" అని ఉంది. ఆ ఊళ్ళో వేపచెట్లు ఎన్ని ఉంటాయో పుస్తకం రాసినవాడికి తెలియదు. ఒకచోట ఎడమకు తిప్పించాను, అది ఎవరిదో కల్లం. ధాన్యం ఆరబోసుకుంటున్న ముసలమ్మ చీపురు ఎత్తింది. "పోయింది" అన్నాను. బావమరిది ఆపాడు. నవ్వలేదు. మీటరు చూసుకుని, 0.31 కిలోమీటరు వెనక్కి లెక్కేసి రెండో వేపచెట్టు పట్టుకున్నాం.

ముప్పై ఒక్క జట్లలో పంతొమ్మిదో స్థానం. ఆ పోగొట్టుకున్న సమయం కూడబెట్టుకోవాలని కంగారులో ఒక చెక్‌పోస్టుకు ముందే చేరాం, అక్కడ ఎక్కువ పాయింట్లు పోయాయి.

ఎడమసీటు
ముందుగా చేరడం పెద్ద తప్పు. పెద్ద ర్యాలీల్లో కూడా కంట్రోలు (సమయం నమోదు చేసే చోటు) దగ్గర నిమిషం ఆలస్యానికి 10 సెకన్లు శిక్ష అయితే, నిమిషం ముందు చేరితే పూర్తి నిమిషం. బండి పక్కన పెట్టి గడియారం చూస్తూ కూర్చోవడం కూడా నావిగేటరు పనే.

కాజీపేట_లోకో
కాలు బ్రేకు తొక్కిందా?

చెలకదారి
గుర్తు లేదు. అసలు కాళ్ళు ఉన్నాయని గుర్తు లేదు.

చెవి_ముక్కు_గొంతు
కడుపు?

చెలకదారి
తాడ్వాయి అడవిలో ఒక్కసారి తిప్పింది. తల ఎత్తి దూరంగా చూశాను, సర్దుకుంది. దీపావళికి మళ్ళీ ఆ ఎర్ర చెలకలో కూర్చుంటానని మాట ఇచ్చాను. వైరు పీకకూడదని షరతు పెట్టాను.

ఎనుమాముల_మిర్చి
అన్నీ అడిగారు, ముఖ్యమైనది ఎవరూ అడగలేదు. ఈసారి కోడి?

చెలకదారి
తిరిగి వచ్చేసరికి అత్తగారు గిన్నె మూత మీద నా పేరు రాసి పెట్టారు.

అడ్డంగా_వెళ్ళేవాడు
నాకు పప్పు పెట్టారు.